నిద్రమాత్రా, మూర్ఛమాత్రా?

గడచిన సంచికలో జ్వరం మాత్రల గురించి రాశాక చాలా ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువమంది మోతాదుల గురించి అడిగారు. వారికి విడిగా జవాబులు పంపాను. ఒక్క ఉత్తరం మాత్రం ఈ శీర్షికలో అందరితో చెప్పుకోవలసినదనిపించింది. అది షోలాపూరు నుంచి ఒక పెద్దావిడ మనవడిచేత రాయించి పంపిన ఉత్తరం. పేరు రాయను. ఆవిడ మాట మాత్రం ఆవిడ మాటగానే ఇస్తున్నాను.

"మా మనుమరాలికి పంతొమ్మిదేండ్లు. ఎనిమిదో తరగతిల ఉన్నప్పటిసంది ఫిట్లొస్తయి. డాక్టరు గోళీలిచ్చిండు. ఏడాదిన్నర అయింది, ఒక్కపారి గూడ రాలేదు. పిల్ల పొద్దంత మబ్బుమబ్బుగ ఉంటది. అది ఉట్టి నిద్రగోళీ అని పక్కింటాయన చెప్పిండు. వచ్చే నెల పిల్లను చూడనీకి వస్తున్నరు. అప్పటిదాంక గోళీలు బంద్ చేస్తె ఏమన్న అయితదా బిడ్డా?"

ఉత్తరం అందిన రోజునే ఆవిడ ఇచ్చిన నంబరుకు ఫోను చేసి, ఆపవద్దని, ఆ పిల్లను చూస్తున్న డాక్టరునే అడగమని చెప్పాను. మన పత్రిక మూడు నెలలకొకసారి వస్తుంది. ఫిట్లు సంచిక కోసం ఆగవు కదా. అయితే "ఎందుకు ఆపకూడదు?" అని ఆవిడ అడిగిన ప్రశ్నకు ఫోనులో సరిగ్గా చెప్పలేకపోయాను. ఆ జవాబే ఈ వ్యాసం.

నేను డాక్టరును కాను. ఆ మాట ఈ శీర్షికలో ప్రతిసారీ చెబుతూనే ఉన్నాను. బరంపురంలో వైద్య విద్యార్థులకు మందుల ప్రయోగాలు చేయించే గదిలో 1972 నుంచి 2008 దాకా టెక్నీషియనుగా పనిచేశాను. తెల్ల ఎలుకలకు మేత పెట్టడం, బోనులో ఊక మార్చడం, తూకం వేయడం, పరికరాలు సిద్ధంచేయడం నా పని. మందుల గురించి నాకు తెలిసిందంతా ఆ గదిలో చూసిందీ, మా ప్రొఫెసర్లు చెబితే విన్నదీ, తర్వాత చదువుకున్నదీ.

షోలాపూరు పెద్దావిడ పొరపాటు ఆవిడ ఒక్కరిదే కాదు. పెద్ద పెద్ద డాక్టర్లు కూడా ఎనభై ఏళ్ళపాటు అలాగే అనుకున్నారు. మూర్ఛకు పనిచేసిన మొదటి మందు బ్రోమైడు. 1857లో లండన్‌లో సర్ చార్లెస్ లోకాక్ అనే వైద్యుడు దాని సంగతి బయటపెట్టాడు. దానితో ఫిట్లు తగ్గేవి. కానీ మనిషి మందకొడిగా, మత్తుగా తయారయ్యేవాడు, ముఖంమీద పొక్కులు లేచేవి. తర్వాత 1912లో జర్మనీలో హాప్ట్‌మన్ అనే యువ వైద్యుడు, రోగులు నిద్రపోవడానికని లూమినాల్ అనే కొత్త నిద్రమందు ఇచ్చాడు. ఇస్తే నిద్రతోపాటు ఫిట్లు కూడా తగ్గాయి. ఆ లూమినాలే ఫినోబార్బిటోన్. మన ఇళ్ళలో గార్డినాల్ అనే పేరుతో రెండు మూడు తరాలకు పరిచయమైన మాత్ర అదే.

ఇలా వచ్చిన రెండు మందులూ నిద్రమందులే అయ్యేసరికి, మెదడును జోకొడితేనే ఫిట్లు ఆగుతాయన్న నమ్మకం స్థిరపడిపోయింది. మత్తు రాకపోతే మందు పనిచేయడంలేదని కూడా అనుకునేవారు.

ఆ నమ్మకాన్ని తీసేసింది పిల్లులు. అమెరికాలో బోస్టన్ నగర ఆసుపత్రిలో మెరిట్, పట్నం అని ఇద్దరు వైద్యులు ఉండేవారు. పట్నం అంటే మన చెన్నపట్నం కాదు, అది ఆయన ఇంటిపేరు. పిల్లికి ఎంత కరెంటు ఇస్తే ఫిట్సు వస్తుందో వాళ్ళు ముందు కొలిచిపెట్టుకున్నారు. తర్వాత మందు ఇచ్చి మళ్ళీ కొలిచారు. ఇప్పుడు ఎక్కువ కరెంటు ఇస్తేగాని ఫిట్సు రాకపోతే ఆ మందుకు పట్టు ఉన్నట్టు లెక్క. పిల్లి నిద్రపోయిందా, లేచి తిరుగుతోందా అన్నది వేరే లెక్క. ఇలా ఒక్కొక్క రసాయనాన్నీ పరీక్షిస్తూ పోయారు. వాటిలో 1908లోనే జర్మనీలో తయారై, నిద్ర రప్పించలేదని మందుల కంపెనీ పక్కన పడేసిన పొడి ఒకటి ఉంది. పిల్లిని మత్తులో ముంచకుండానే ఫిట్సును ఆపింది ఆ పొడే. 1937లో ఆ సంగతి ప్రచురించారు. 1938లో రోగులకు ఇచ్చి చూసిన ఫలితాలూ వచ్చాయి. ఆ పొడి పేరు ఫినిటాయిన్. డైలాంటిన్, ఎప్టాయిన్ అనే పేర్లతో మన దుకాణాల్లో దొరికేది అదే.

కనుక నిద్రకూ ఫిట్లు ఆగడానికీ దారులు వేరు. ఈ ముక్కను విద్యార్థులకు కళ్ళారా చూపించడానికి మా ప్రయోగశాలలో ఏటా ఒక పాఠం ఉండేది. దానికి నాలుగు తెల్ల ఎలుకలు. ఒక్కోటీ 150 నుంచి 200 గ్రాముల బరువు. ఏది ఏదో తెలియడానికి పిక్రిక్ ఆమ్లం పసుపురంగుతో ఒకదానికి తలమీద, ఒకదానికి వీపుమీద, ఒకదానికి తోకమీద గుర్తు పెట్టేవాణ్ణి. నాలుగోదానికి గుర్తు ఉండదు. దానికి వట్టి ఉప్పునీటి సూది.

తలగుర్తు ఎలుకకు క్లోర్‌ప్రోమజిన్. మానసిక రోగులకు 1952 నుంచి పారిస్‌లో వాడుక మొదలైన మందు అది, మనకు లార్గాక్టిల్‌గా తెలుసు. వీపుగుర్తుదానికి ఫినోబార్బిటోన్. తోకగుర్తుదానికి ఫినిటాయిన్. మందు ఎక్కేదాకా కూర్చుని చూసేవాళ్ళం. తలగుర్తు ఎలుక మూల చేరి, కనురెప్పలు వాల్చి, ముట్టుకున్నా కదిలేది కాదు. వీపుగుర్తుది కాస్త తూలుతూ తిరిగేది. తోకగుర్తుది మందే వేయనట్టు మీసాలు కదుపుతూ బోను మూలలన్నీ వాసన చూసేది.

"వీటిలో ఏది ఫిట్సును తట్టుకుంటుంది?" అని మా ప్రొఫెసరుగారు అడిగేవారు. ప్రతి ఏడూ పిల్లలు ఎక్కువమంది తలగుర్తు ఎలుకనే చూపించేవారు. అంత నిశ్చలంగా కూర్చున్నది మరి!

తర్వాత చెవులకు ఉప్పునీటితో తడిపిన క్లిప్పులు పెట్టి, 150 మిల్లీ ఆంపియర్ల కరెంటు సెకనులో ఐదోవంతు సేపు ఇస్తారు. మందులేని ఎలుకకు ముందు కాళ్ళు ముడుచుకుంటాయి, వెంటనే వెనుకకాళ్ళు కర్రల్లా వెనక్కి బిగుసుకుపోతాయి. తర్వాత కొట్టుకుంటుంది, సొమ్మసిల్లుతుంది, కొంతసేపటికి లేస్తుంది. వెనుకకాళ్ళు అలా బిగుసుకోవడమే లెక్క. బిగుసుకుంటే మందు ఓడినట్టు, బిగుసుకోకపోతే గెలిచినట్టు. మత్తులో జోగిన తలగుర్తు ఎలుకకు కాళ్ళు బిగుసుకున్నాయి. తూలిన వీపుగుర్తుదానికి బిగుసుకోలేదు. హుషారుగా తిరిగిన తోకగుర్తుదానికీ బిగుసుకోలేదు. ఒక్కోసారి ఒక ఎలుక లెక్క తప్పేది గాని, ఏ ఏడు చూసినా మొత్తంమీద ఇదే తీరు.

క్లోర్‌ప్రోమజిన్ మత్తునిస్తుందేగాని ఫిట్సును ఆపదు. పైగా ఫిట్లు వచ్చే స్వభావం ఉన్నవారిలో అవి రావడం సులువు చేయవచ్చునని ఇప్పుడు పుస్తకాలన్నీ హెచ్చరిస్తాయి. ఫినోబార్బిటోన్ రెండు పనులూ చేస్తుంది. ఫినిటాయిన్ సరైన మోతాదులో మత్తు పెద్దగా లేకుండానే ఫిట్సును ఆపుతుంది.

ఎందుకిలా? ఫిట్సు అంటే మెదడులోని కణాలు ఒక్కసారిగా, ఒకే తాళంలో, ఆగకుండా మోగడం. వీధిలో డప్పులన్నీ ఒక్కసారిగా మోగుతున్నాయనుకోండి. ఫినోబార్బిటోన్ వీధి మొత్తాన్నీ గొంతు తగ్గించమంటుంది. ఫినిటాయిన్ మెల్లగా వాయించేవారి జోలికి అంతగా పోదు, వెర్రివేగంతో వాయించేవాడి చేయి పట్టుకుంటుంది.

మత్తును కొలవడానికి ఇంకో పరీక్ష ఉంది. నిమిషానికి 6 చుట్లు తిరిగే కడ్డీమీద చిట్టెలుకను నిలబెడతారు. మామూలు చిట్టెలుక పడకుండా నిలుస్తుంది. మందు మత్తు ఎక్కువైతే జారిపడుతుంది. సగం చిట్టెలుకలను ఫిట్సునుంచి కాపాడే మోతాదు ఎంత, సగం చిట్టెలుకలు కడ్డీమీదనుంచి పడే మోతాదు ఎంత అని రెండూ కొలిచి, రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తారు. అమెరికా ప్రభుత్వ సంస్థ వారి పరీక్షల్లో ఫినిటాయిన్ కిలో బరువుకు సుమారు 9.5 మిల్లీగ్రాముల దగ్గర కాపాడింది, సుమారు 65 దగ్గర పడేసింది. అంటే దాదాపు ఏడు రెట్ల ఎడం. ఫినోబార్బిటోన్ సుమారు 22 దగ్గర కాపాడి, 69 దగ్గర పడేసింది. మూడు రెట్లే ఎడం. ఇవి చిట్టెలుకల లెక్కలు. మనుషులకు ఇవే మోతాదులని ఎవరూ అనుకోవద్దు. ఎడం ఎంత ఉందన్నదే ఇక్కడ గ్రహించవలసింది.

మరో జాగ్రత్త కూడా చెప్పాలి. కరెంటుకు బదులు మెట్రజాల్ అనే రసాయనం సూదివేసి తెప్పించే ఫిట్సు వేరే రకం. అక్కడ ఫినిటాయిన్ సాగదు. అక్కడ పనిచేసే ఇథోసక్సిమైడ్ కరెంటు పరీక్షలో సాగదు. మనుషుల్లోనూ అంతే. ఒళ్ళంతా బిగుసుకుని పడిపోయే ఫిట్సు ఒకటి, పిల్లలు క్షణంపాటు గుడ్లప్పగించి చూస్తూ ఉండిపోయేది ఒకటి. ఒకదాని మందు మరొకదానికి పనికిరాకపోవచ్చు. అందుకే పక్కింటివారికి నయమైందని వారి మాత్ర తెచ్చి వేసుకోకూడదు.

ఇంతవరకు చెప్పింది ఎలుకల సంగతి. ఇకమీదట చెప్పేది మా ఇంటి సంగతి. ఇది రాయడానికి నా చెల్లెలి అనుమతి తీసుకున్నాను.

మా చెల్లికి పన్నెండో ఏట బడి ఆవరణలో మొదటి ఫిట్సు వచ్చింది. అప్పటినుంచి రాత్రిపూట గార్డినాల్ 60 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి. 1976లో ఆమెకు ఇరవై ఏళ్ళు. ఫిట్సు వచ్చి రెండేళ్ళు దాటింది. ఖరగ్‌పూరు రైల్వేలో ఉద్యోగం చేస్తున్న కుర్రాడితో సంబంధం కుదిరింది. ఫిట్ల సంగతి వాళ్ళకు చెప్పలేదు. పెళ్ళి పది రోజుల్లోకి వచ్చాక, ఒక రాత్రి భోజనాల దగ్గర నాన్న అన్నారు: "పెళ్ళిపీటలమీద పిల్ల తూగితే నలుగురూ ఏమనుకుంటారు? అది నిద్రమాత్రే కదా. రెండేళ్ళయింది, తగ్గిపోయినట్టే. ఆపేద్దాం." అని నావైపు తిరిగి, "ఒరే, నువ్వు కాలేజీలో ఇవన్నీ చూస్తున్నావు కదా, ఏమంటావు?" అని అడిగారు.

ఆ వారమే నేను నాలుగు ఎలుకల పాఠం సిద్ధంచేశాను. నిద్రకూ ఫిట్లు ఆగడానికీ తేడా ఉందని నాకు తెలుసు. గార్డినాల్ ఒక్కసారిగా మానితే ప్రమాదమని ప్రొఫెసరుగారు క్లాసులో చెబుతుంటే తలుపు దగ్గర నిలబడి విన్నాను. అయినా పెళ్ళి ఆగుతుందేమోనన్న భయం, నాన్న మాటకు ఎదురు చెప్పలేని తనం. "మీ ఇష్టం నాన్నా" అన్నాను.

ఏడో రోజు పసుపు కొట్టే వేడుకలో రోకలి పట్టుకుని ఉండగా పడిపోయింది. ఒకటి తగ్గేలోగా ఇంకొకటి. మధ్యలో తెలివి రాలేదు. ఎవరో చేతిలో తాళంచెవులు పెట్టారు, ఎవరో ఉల్లిపాయ చితక్కొట్టి ముక్కు దగ్గర పెట్టారు. నేను రిక్షా కోసం పరుగెత్తాను. ఆసుపత్రిలో సూదులమీద సూదులు వేస్తేగాని ఆగలేదు. మూడు రోజులకు కళ్ళు తెరిచింది. అప్పటికి పందిరి విప్పేశారు.

తర్వాత మా ప్రొఫెసరుగారు నాకు అర్థమయ్యేలా చెప్పారు. మెదడు ఏళ్ళతరబడి ఆ మందుకు అలవాటుపడి ఉంటుంది. నిండుచేద బావిలోంచి పైకి వస్తుండగా తాడు వదిలేస్తే, చేద మెల్లగా దిగదు. గిలక గిర్రున తిరిగి, చేద బావి అడుగుకే పోతుంది. మందు మానవలసివస్తే తాడును గుప్పెడు గుప్పెడుగా వదలాలి. నెలల తరబడి, డాక్టరు చెప్పిన లెక్క ప్రకారం. ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు. "నువ్వు నాకు ఒక కబురు చేసి ఉండవలసింది" అని మాత్రం అన్నారు.

ఆ 1976లోనే, మూర్ఛ ఉన్నవారి వివాహానికి అడ్డు చెప్పే మాట హిందూ వివాహ చట్టంలో చేరింది. 1999లో చేసిన సవరణతో ఆ మాట తొలగిపోయింది. కనుక చట్టం అడ్డు పడుతుందని ఇప్పుడు ఎవరూ భయపడనక్కరలేదు. అడ్డమల్లా మన గడపల్లోనే ఉంది.

మా చెల్లిని తర్వాత ఫినిటాయిన్‌కు మార్చారు. మగత పోయింది, చదువు సాగింది, బడిపంతులమ్మ అయింది. ఆ మందుకూ దాని బాధలు దానికున్నాయి. చిగుళ్ళు ఉబ్బాయి, కొన్నేళ్ళకు మళ్ళీ మందు మార్చవలసివచ్చింది. 1983లో ఇంకో సంబంధం వచ్చింది. పెళ్ళిచూపుల్లో కాఫీ కప్పు పక్కన తన మాత్రల సీసా కూడా పెట్టుకుని వచ్చింది. మా నాన్న ముఖం పాలిపోయింది. పెళ్ళికొడుకు ఆ సీసామీది పేరు చదివి, "రోజుకు ఎన్ని?" అని అడిగాడు. ఆయనే నా బావగారు.

ఇప్పుడు షోలాపూరు అవ్వగారికి నా జవాబు. మీ మనవరాలు మబ్బుగా ఉండటం నిజమే, అది పట్టించుకోవలసిన సంగతే. దానికి మందు మానడం విరుగుడు కాదు. మోతాదు ఎక్కువైందేమో, మత్తు తక్కువ ఉండే మందు సరిపడుతుందేమో ఆ డాక్టరును అడగండి. ఇప్పుడు చాలా మందులున్నాయి. పెళ్ళి ఆలోచన ఉందని కూడా ఆయనతో ముందే చెప్పండి. కొన్ని మందులు, ముఖ్యంగా వాల్‌ప్రోయేట్, గర్భంలోని బిడ్డకు చెరుపు చేయవచ్చు. మార్చవలసి ఉంటే బిడ్డ కడుపున పడకముందే, డాక్టరు చేతిమీదుగా మార్చాలి. చూడవచ్చినవారితో దాచకండి. దాచిన మాత్ర ఎప్పుడో ఒక రాత్రి వేసుకోకుండా పోతుంది.

ఫిట్సు వస్తే ఏం చేయాలో ఇంట్లో అందరికీ నేర్పండి. పక్కనున్న గట్టి వస్తువులు తీసేయండి, తల కింద మెత్తటిది పెట్టండి, మెల్లగా పక్కకు తిప్పండి. నోట్లో చెంచా, గుడ్డ, నీళ్ళు ఏమీ పెట్టకండి. గట్టిగా పట్టుకోకండి. గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్ళీ వచ్చినా ఆసుపత్రికి పదండి.

ఎలుకలతో అన్నీ తెలిసిపోయాయని నేననను. 1963లో ఫ్రాన్సులో కొన్ని రసాయనాలను ఒక ద్రవంలో కరిగించి పరీక్షిస్తే, ప్రతిదీ ఫిట్సును ఆపిందట. తీరా చూస్తే ఆపింది రసాయనాలు కాదు, కరిగించిన ద్రవమే. అదే నేను పైన చెప్పిన వాల్‌ప్రోయేట్. ఇక ఈనాడు డాక్టర్లు ఎంతో వాడుతున్న లెవెటిరాసిటామ్ అయితే, కరెంటు పరీక్షలోనూ మెట్రజాల్ పరీక్షలోనూ ఓడిపోయిన మందు. వేరే రకం పరీక్షలు పెట్టి ఉండకపోతే అదీ ఫినిటాయిన్‌లాగే మూల పడి ఉండేది.

మా గదిలోని పాఠం ఇప్పుడు చాలా కళాశాలల్లో కంప్యూటరుమీద జరుగుతోంది. పుదుచ్చేరి జిప్మర్‌లో తయారైన ఎక్స్‌ఫార్మ్ వంటివి వచ్చాయి. తెలిసిన సంగతినే ఏటా మళ్ళీ చూపడానికి ఇన్ని ప్రాణులను బాధపెట్టనక్కరలేదు. ఆ మార్పు వచ్చినందుకు నాకు సంతోషమే. ముప్పైఆరేళ్ళు వాటి చెవులకు క్లిప్పులు పెట్టిన చేతులు ఇవి. అవి పడిన బాధ వల్ల తెలిసిన సంగతి మనుషులకు అందకపోతే ఆ బాధ వృథాయే. మా ఇంట్లో ఒకసారి అలాగే వృథా అయింది.

ఈ వ్యాసం ముందుగా మా చెల్లికి చదివి వినిపించాను. అంతా విని, "నాన్నను మరీ చెడ్డవాణ్ణి చేయకు అన్నయ్యా. ఆయనకు తెలియదు" అంది. కాసేపాగి, "తెలిసినవాడివి నువ్వే" అంది. అది కూడా రాయమంది. రాశాను.

వచ్చే సంచికలో కళ్ళలో వేసుకునే చుక్కల మందుల గురించి. ఉత్తరాలు రాస్తూ ఉండండి.